ఊరుకో

నరసాపురం రేవు పక్క, లేసు గోడౌను మీద మేడగదిలో
మంగళవారం మంగళవారం మాకు తరగతి.
ప్లాస్టిక్ కుర్చీలు, మూలుగుతూ తిరిగే ఫ్యాను,
కింద నుంచి నూలు ఉండల వాసన.
పాస్టరమ్మలం ఆరుగురం,
స్త్రీల సమాజం వాళ్లు ముగ్గురు,
రిటైరైన నర్సమ్మ ఒకావిడ.
సఖినేటిపల్లి నుంచి పంటు దాటి వచ్చేది నేనొక్కదాన్నే.

మొదటిరోజు ప్రిస్కిల్లా టీచరు బోర్డు మీద ఏమీ రాయలేదు.
"ఒకరు చెప్పండి, ఒకరు వినండి. మూడు నిమిషాలు.
సలహా ఇవ్వకూడదు. వాక్యం ఎత్తకూడదు.
ప్రార్థన చేద్దామా అని చెయ్యి పట్టుకోకూడదు."
మరింకేం చెయ్యాలండీ?
"ఊరుకోవాలండి."

నలభై సెకన్లకే నా నోరు తెరుచుకుంది.
ఇరవై రెండేళ్ల అలవాటు,
పంటు ఒడ్డుకి తగలకముందే దూకేసే కుర్రాడిలాగ.

ఆ మాట నాకు కొత్తా ఏంటి?
కెజియాకి నేను చెప్పిందీ అదే కదా.
కూడిక అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి వచ్చింది,
ఎడమ చెవి మీదకి కొంగు లాక్కుని.
నేను చెవి చూడలేదు, కొంగు చూశాను.
ఈ పిల్లకి ఎంత భక్తి అనుకున్నాను.
వాళ్లాయన మా సంఘంలో డోలక్ వాయించేవాడు.
మంచి చెయ్యి అని అందరం మెచ్చుకునేవాళ్లం.

ఊరుకో అమ్మా, అన్నాను.
ఏడుపాపమనే ఊరుకో.
సర్దుకుపొమ్మనే ఊరుకో.
బయట అనకు అనే ఊరుకో.
ఒక్క మాటతో మూడు తాళాలు వేసి
నుదుట నూనె రాసి
అతని బండి మీదే ఎక్కించి పంపాను.
ఇప్పుడు కెజియా కుడిపక్క నిలబడితేనే పలుకుతుంది.

నాలుగో వారం ఇంటిపని ఇచ్చారు.
"ఓర్చుకున్నవాళ్ల లెక్క మీ అందరికీ నోటికొచ్చు.
ఈసారి పారిపోయినవాళ్లని లెక్కపెట్టుకు రండి."
పాస్టరుగారు పడుకున్నాక వంటింట్లో లైటు వేసుకున్నాను.
ఒకాయన్ని గంపలో పెట్టి గోడ దింపారు.
ఒకాయన్ని కట్టుకున్నదే కిటికీలోంచి దాటించింది.
ఒక తల్లి పసిగుడ్డుతో చీకట్లో దేశమే దాటేసింది.
కాగితం తిప్పి వెనక కూడా రాయాల్సొచ్చింది.
కడుపుతో ఎడారిలోకి నడిచిపోయిన ఆ దాసిని మాత్రం
తిరిగి వెళ్లమన్నాడు దేవదూత.
అక్కడ చాలాసేపు ఆగిపోయాను.
ఎందుకన్నాడండీ అని తరగతిలో అడిగితే
"నాకూ తెలీదండి" అన్నారు టీచరు.
ఆ తెలీదు దగ్గరే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

ఇంకా ఏవేవో రాసుకున్నాను.
ఆధారూ, రేషను కార్డూ, పిల్లల సర్టిఫికెట్లూ
బియ్యం డబ్బాలో అడుగున దాచొచ్చని.
ఫోన్లో మన నెంబరు "లేసు కమిషను" అని వేసుకోమనాలని.
ఆఖరి పంటు ఎన్నింటికో తెలిస్తే చాలదు,
పంటు లేని వేళ చించినాడ వంతెన దాటించే
ఆటో ఎవరిదో తెలిసుండాలని.
వెళ్లిపో అని కూడా మనం చెప్పకూడదట.
తాళంచెవి ఆమె చేతికే ఇవ్వాలట.

పోయిన శనివారం మొగల్తూరు వెళ్లాను.
కాపురం అటు మార్చారు వాళ్లు.
అతను చేపల లారీ మీద వెళ్లాడు, రేపటిదాకా రాడు.
అరుగు మీద లేసు అల్లుతోంది కెజియా.
వెళ్లి కుడిపక్క కూర్చున్నాను.
"ఆరోజు నీ చెవి చూడలేదమ్మా నేను" అన్నాను.
తర్వాత ఊరుకున్నాను.

తల ఎత్తలేదు. నాలుగు వరసలు అల్లింది.
సూది ఆపింది. రెండు వరసలు లాగేసింది.
ఎవరింట్లోనో కుక్కరు కూత.
మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.
ప్రార్థన నా నాలుక చివరిదాకా వచ్చి
అక్కడే మోకరించింది.

"మీకు పంటు ఎన్నింటికండీ?" అంది చివరికి,
దారం వేలికి చుట్టుకుంటూ.
పోనీలే అన్నాను.