చామంతులకు సలి గావాలె

మూడున్నరకు లేపుతది బాలమణి.
పిలువది. చెంబు గడప మీద పెట్టిన సప్పుడు,
అంతే.

ముందు బనీను. దాని మీద నిన్నటి పేపరు,
మడత విప్పి ఛాతీకి అడ్డంగ.
ఎవరిదో వర్ధంతి ఫోటో గుండె తట్టుకు వస్తది,
దాని కింద ప్లాట్లు అమ్మబడును.
పేపరు మీద అంగి. అంగి మీద పెండ్లినాటి స్వెటరు,
మోచేతుల కాడ దారం తేలింది.
ఊపిరి తీసినప్పుడల్ల లోపల కరకర,
ఎండిన జొన్నాకు నలిగినట్టు.

చేతులకు సాక్సులు,
సాక్సుల మీద పాల కవర్లు, మణికట్టుకు రబ్బరు బ్యాండ్లు.
క్లచ్ జారుతదని రెండు వేళ్లు బయట పెట్టిన.
హన్వాడ దాటేదాక
ఆ రెండు వేళ్లు నావి కావనుకుంట.

ఇగ మోకాళ్లు.
నాయిన గొంగడి దూలం మీద ఉండె,
మూడేండ్లు ఎవరం ముట్టలె.
గొర్ల వెంబడి కృష్ణ ఒడ్డుదాక తిరిగొచ్చిన గొంగడి,
ఒక కొసకు పురుగు పట్టింది.
కత్తెర తీస్తే చిన్నవ్వ మొత్తుకుంది:
"కప్పుకుంటరు, పరుసుకుంటరు,
గొంగడిని కోస్తార్రా ఎవరన్న?"
కోసిన.
రెండు ముక్కలకు సైకిల్ ట్యూబు పట్టీలు కుట్టింది బాలమణి.
మిగిలింది చిన్నవ్వ మంచం మీదేసిన.
మాట్లాడలె ఆమె.
తెల్లారి చూస్తే దాంట్లనే ముడుసుకొని పండుకుంది.

అన్నీ అయినంక బండెనక మూట.
చామంతులు, పచ్చవి, మాపటీలి తెంపినవి.
వాటికి తడి గోనె, గోనె మీద ఇంకిన్ని సల్లటి నీళ్లు.
వెచ్చగైతే రెక్క రాలుతది, ధర పోతది.
ఎనక మూటకు సలి గావాలె,
ముందు నాకు వద్దు.
మధ్యల జానెడు జాగ,
యూరియా సంచి అడ్డం.

తొవ్వ పొంటి సలి ఒక్క తీరుండదు.
గుట్ట మీద నయమే.
చెరువు అలుగు కాడ దిగంగనే
తొడలకెల్లి పైకి పాకుతది.
పల్లి చేన్ల కాడ ఎవరో మంటేసుకుంటరు,
వాసన తాకుతది, వేడి తాకదు.
హెల్మెట్ అద్దం దించితే నా ఊపిరికే మసక,
లేపితే కండ్లల్ల నీళ్లు.
మంచుకు తడిసి
మోకాళ్ల మీద గొంగడి మళ్ల గొర్రె వాసనేస్తది.
నాయిన బతికుండంగ బండెక్కలె.
గాలి మొఖానికి కొడితే దమ్మాడదనేటోడు.
ఇప్పుడు దినాం ముప్పై కిలోమీటర్లు
నాకంటె ముందు గాలికి ఎదురు పోతడు.

పాలమూరు పూల మార్కెట్ల
బండ్లు ఆగినంక ఎవరం దిగం.
ఇంజన్ల మీద చేతులు పెట్టి
కొద్దిసేపు అట్లనే,
పొయ్యి కాడి పిల్లుల లెక్క.

జరీనక్క గోనె విప్పి లోపలికి చెయ్యి పెట్టింది.
"బరఫ్ లెక్కుంది మాల్. తాజా."
పైసలిస్తుంటే నా రెండు వేళ్లు తాకినయి ఆమెకు.
"నువ్వు గూడ తాజానే."
ఆమె నవ్వింది. నాకు నవ్వుదామన్న
దవడ తిరుగలె.
నోట్లు లెక్కపెట్టరాలె.
"నువ్వే లెక్కపెట్టు అక్క, నీ మీద నమ్మకం" అన్న.
నమ్మకం కాదు, వేళ్లు.

పొద్దు పొడిసింది. ఒక్కొక్కటి ఇప్పుకుంట వచ్చిన,
కవర్లు, సాక్సులు, స్వెటరు.
ఛాతీల పేపరు గుంజితే
చెమటకు అక్షరాలు బనీనుకంటినయి,
ఇంకా వెచ్చగుంది.
పారేయబోతే జరీనక్క చెయ్యి సాపింది.
తీస్కపోయి
తను కూసునే బండ మీద పరుసుకుంది.