దుబాసీ పని

పూటకి రెండువేలు, భోజనం.
బరంపురం నుంచి గోపాలపురానికి ఆటో ఖర్చు వేరు.
పదకొండు మంది మిగిలిన తెలుగు బడి పంతుల్ని,
సెలవు చీటీ రాసి పడేసి వచ్చాను.

హోటల్లో రెండో అంతస్తు. అద్దం అవతల సముద్రం
గొంతు నొక్కేసిన టీవీలా.
బల్లకి ఈ పక్క ముగ్గురు:
వాతావరణం, ఆర్థికం, భద్రత.
పేర్లు వేరే ఉన్నాయి, నా కాగితం మీద ఇలాగే రాసుకున్నాను.
ఆ పక్క, కుర్చీ అంచున సూరాడ ఎర్రెమ్మ,
నెత్తళ్ళ వాసన గదికి అంటుకుంటుందేమోనని
చెంగంతా ఒళ్ళోకి లాక్కుని.

వాతావరణం ముందు మాట్లాడింది.
ఎక్కడో ఎడారి నగరంలో పదమూడు రాత్రుళ్ళు
ఒక వాక్యం చివర 'చేయాలి' ఉండాలా, 'చేయవచ్చు' ఉండాలా అని
దేశాలన్నీ తెల్లార్లూ కూర్చున్నాయట.
ఆఖరికి 'చేయవచ్చు' గెలిచిందట.
అక్కడ ఆవిడ గొంతు కాస్త బొంగురుపోయింది.
మాట తెలుగు చేశాను.
బొంగురుకి తెలుగు దొరకలేదు.

అడాప్టేషన్ అంది.
అనుకూలనం అన్నాను. ఎర్రెమ్మ నా మొహం చూసింది.
సర్దుబాటు అన్నాను.
"సర్దుకుపోడవా? ఎవుల్తోటి బాబూ?"
దాన్ని నేను అటు దాటించలేదు.
"ఆలోచిస్తోంది" అన్నాను వాళ్ళతో.
వాళ్ళు గౌరవంగా తలలూపి, ఎదురుచూశారు.

ఆర్థికం కుర్రాడు. లెక్కలడిగాడు.
"గంపకి ఎనబై. ఐసు ముప్పై. ఆటోవోడు ఇరవై.
మిగిల్నది సావుకారిది."
అతను మీట నొక్కేలోపే
ఆమె వేళ్ళ కణుపుల మీద ఏడాది తేలిపోయింది:
"కార్తీకం నించి సంద్రం తాబేళ్ళది.
ఎర్రజెండా ఎగిరితే తుపాకులోళ్ళది.
ఆ మీదట గాలివానది.
మాకేటుంటాదో నువ్వే తీసీసి సెప్పు."
అతను నిజంగానే తీసివేత వేశాడు.
జవాబు చూసి, కాగితం కొంచెం తిప్పి పెట్టాడు.

భద్రత పెద్దాయన, నౌకాదళంలో చేసి దిగినవాడు.
తీరమంతా కళ్ళూ చెవులూ మీరే అని మొదలుపెట్టాడు,
ఎక్కడో చదివినట్టు.
తెలియని పడవ కనిపిస్తే ఎవరికి చెబుతారు?
"తెలిసిన పడవే కనబడ్డం నేదు" అంది.
ఇల్లెక్కడన్నాడు.
ఆమె అద్దం వేపు చెయ్యి చాచింది,
రోడ్డు వేపు కాదు, నురగ తిరగబడే చోటికి.

ఆయన లేచాడు.
ఆమె పక్కన నిలబడి, ఆ వేలి వెంట చూశాడు.
నన్నడక్కుండా, విశాఖపట్నంలో నేర్చిన ముక్కల తెలుగులో
"ఎన్ని బారలు లోతు?" అన్నాడు.
"అప్పుడు మోకాలు. ఇప్పుడు రెండు."
"గాలి?"
"కిందటి మొగం."
ఇంకేవో అనుకున్నారు,
ఇసక ఎటు పోతోందో, అలివి వల ఎక్కడ చిక్కుకుంటోందో.
పది నిమిషాలు నాకు పని లేదు.
నీళ్ళు తాగాను. బిస్కట్టు తిన్నాను.
వాతావరణం నన్ను అడిగింది, ఏమంటున్నారని.
"సముద్రం గురించి."

ఐదింటికి రసీదు మీద సంతకం పెట్టించుకున్నారు.
భాషలు: మూడు. పూటలు: ఒకటి.
దాటించని వాటికి గడి లేదు.
ఎర్రెమ్మకి గుడ్డసంచీ ఇచ్చారు, లోపల పెన్ను.
ఆటో ఎక్కించుకున్నాను.
సాయంత్రం బేరం పోయిందని గొణుక్కుంది, పెన్ను బొడ్లో దోపుకుంది.

రేవు మలుపు దగ్గర, చాలాసేపటికి:
"మాస్టరూ, ఆ పై దేశాలోళ్ళు తెల్లార్లూ కూకోని
సెయ్యొచ్చు అన్నారన్నావు గదా,
అంటే రేపట్నించి ఏటకెల్లొచ్చనేనా?"

దక్షిణాన జెండా ఇంకా దించలేదు.
ఆటో అబ్బాయి కూడా వెనక్కి తిరిగి
నా నోటివేపే చూస్తున్నాడు.