లొట్టి అడుగు

వలిగొండ కాడ మూసీ కాలువల
నురుగు కింద నాచు,
వేలు ముంచితే జుట్టులెక్క చుట్టుకుంటది.
ఎండబెట్టిన, నూరిన, ఉడికించిన.
గంజి చక్కెరైంది గానీ
కొన్న ఈస్టు ముట్టలే.

బుగ్గయ్య గౌడు లొట్టి గట్టిగ కడగడు,
"కడిగితే కల్లు పులవదు" అంటడు.
ఆ అడుగు మడ్డి
చెంచాడు అడుక్కొచ్చి సీసాల పోసిన.

రెండో రాత్రి బుడగలు.
ల్యాబంత తాటికల్లు వాసన,
వాచ్‌మన్ రెండుసార్లు తొంగి చూసిండు.

దిగింది అరగిలాస.
ఎర్రటెండల అంటించిన.
"మంటేదే బిడ్డా?"
నవ్వుకుంట తాటాకు ముక్క చాపిండు.
భగ్గుమంది.

చెయ్యి గుంజుకొని
ఖాళీ గాలిని శానాసేపు చూసి,
"బండి నడుస్తదా దీంతోని?"
"ఎక్కువ దూరం పోదు."
"నా మోకు పొడుగంత పోయినా
సాలు."