రేకు

గుణుపూరు బస్టాండు వెనక సందులో నా కొట్టు.
ధాన్యం డబ్బాలు, గరాటులు,
హాస్టలు పిల్లల ట్రంకుపెట్టెలు.
నలభై రెండేళ్ళు ఇనుపరేకు మీద కొట్టి కొట్టి
ఎడమ చెవి ఎప్పుడో మూతపడింది.

ఇసాక్ గమాంగో వచ్చాడొకనాడు,
ఐటీఐ చొక్కా, చంకలో గళ్ళ నోటుబుక్కు.
బొమ్మ చూపించాడు:
చిన్న పొట్ట, దానికి పొడుగాటి తోక.
"గరాటు సాగదీసినట్టుందేటి?" అన్నాను.
"ఇంజను మామా. బొమ్మ విమానానికి.
లోపల తిరిగేదేదీ ఉండదు."
తిరిగేది లేకుండా ఇంజనేటి?
నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత సిగ్గుపడ్డాను.

దాని మూతికి పది పూరేకులట.
గాలి తోస్తే విచ్చుకుంటాయి,
లోపల పెట్రోలు భగ్గుమంటే మూసుకుంటాయి,
మంటకి తోక తప్ప దారుండదు.
అది పోయాక లోపలంతా వెలితి,
ఆ వెలితికి మళ్ళీ విచ్చుకుంటాయి.
సెకనుకి రెండువందల సార్లు, అన్నాడు
గుంటడు, అరటిపండు ఒలుస్తూ.

వాడు ఒడియాలో పాఖుడా అన్నాడు, నేను రేకు అన్నాను.
వాడికి పువ్వుకో మాట, టిణకో మాట.
మా ఇంట్లో రెంటికీ ఒకటే.
సవరలో ఏమంటారో వాళ్ళమ్మనడిగి చెప్తానన్నాడు,
ఇంతవరకు చెప్పలేదు.

తోకకి పాలక్యాను స్టీలు కోశాను.
రేకులకి, ఆగిపోయిన మా గోడగడియారం స్ప్రింగు.
"బాగు చేయిస్తానని పదేళ్ళైంది" అంది దమయంతి,
అంటూనే స్క్రూడ్రైవరు తెచ్చిచ్చింది.
ఒక్కో రేకూ చిటికెనగోరంత.
ట్రంకు మూత వంకరైతే సుత్తితో నచ్చచెప్పొచ్చు,
ఇక్కడ వెంట్రుకంత సందున్నా ఇంజను మాటాడదు.

కొట్టు ముందు ఒక్కసారే దగ్గింది,
ఎదురింటి కాంపౌండరు లుంగీ ఎగ్గట్టి వచ్చాడు.
అందుకని వంశధార ఇసకలోకి.
మాఘమాసం, ఏరు సగం ఇసకే.
సైకిలు పంపు నేను, లూనా ప్లగ్గు వాడు.
మొదటి ఆదివారం తుస్సు.
రెండో ఆదివారం నాలుగు తుమ్ములు, కాలిన కనుబొమ్మ.
"తోక పొట్టి" అన్నాడు. నాలుగు వేళ్ళు అతికాం.

మూడో ఆదివారం అరిచింది.
గుణుపూరంత గుడ్డని
ఎవరో ఆగకుండా చింపుతున్నట్టు.
తోక మందారమైంది, తర్వాత నారింజ.
ప్లగ్గు వైరు పీకేశాడు, ఆగలేదు.
ఇక దానంతటదే, అన్నాయి వాడి పెదాలు.
నా కుడి చెవిలో దూది, ఎడమది సరేసరి,
అయినా పళ్ళల్లో విన్నాను,
పక్కటెముకల్లో విన్నాను.

రెండు సన్నతీగల చివర థెర్మోకోలు రెక్కలు.
వాడు మధ్యలో తిరుగుతున్నాడు,
మడమ కింద ఇసక గుంటపడుతోంది.
కొంగలు ఒడ్డు మార్చాయి.
అవతల పుచ్చపాదుల కాపలావాళ్ళు
కర్రలు పట్టుకుని లేచి నిలబడ్డారు,
ఎవరిని కొట్టాలో తెలీక.

ఒక నిమిషం నలభై.
ఆపైన ఎవరో గొంతు నొక్కినట్టు ఆగింది.
అరచుట్టు గాలిలో ఈది
తడి ఇసక మీద కూర్చుంది, చుయ్‌మని.

మూతి విప్పాం.
ఏడు రేకులు నమిలేసినట్టున్నాయి,
మూడు నీలంగా మిగిలాయి.
"ఎన్నాళ్ళు బతకాలివి?"
"రెండు నిమిషాలైతే గొప్ప మామా."
బిస్సంకటక్‌లో నా డబ్బాలున్నాయి,
ముప్పై ఏళ్ళు, ఒక్క ఎలక దూరలేదు.
గట్టితనమే పనితనమనుకున్న చేతులు
నిమిషం నలభై బతికినదాన్ని
తిప్పి తిప్పి చూస్తున్నాయి, దింపబుద్ధి కాక.

ఇంటికొస్తే దమయంతి అడగలేదు.
"గూట్లో గ్లాసులు మోగాయి" అంది.
ఇసాక్ నాకింకా అరవై రూపాయలు బాకీ.
స్ప్రింగు జానెడు మిగిలింది.
పొద్దున ట్రంకుపెట్టెల బేరం వచ్చింది, ఆరు.
బుధవారం రమ్మన్నాను.
కత్తెర ముందు జానెడు ముక్క మీద పెట్టాను.