స్కార్చింగ్

ఆస్ట్రేలియా ఎర్రమట్టిలో ఓపల్ గనుల ఊరు.
బడి నేలకింద. పైన నలభై ఏడు.
డోరీన్ టీచరు బోర్డు మీద ఒక్కటే మాట రాసింది:
స్కార్చింగ్.
"వాక్యంలో పెట్టండి."

మాడ్చేసే, అంచులు నల్లబరిచే, అంటుంది నిఘంటువు.
లండన్ పేపరుకైతే ఇరవై ఎనిమిది దాటితే చాలు,
మొదటి పేజీ నిండా ఇదే,
చెమట పట్టని అక్షరాల్లో.
ఇక్కడ, పార పిడి చేతిని చురుక్కుమనిపించే చోట,
పెట్రోల్ బంకు బ్రాంకో
"కాస్త వెచ్చగా ఉంది కదూ" అంటాడు.
అంతకుమించి అనడు.

పెన్సిళ్లు కొరికారు పిల్లలు.
సూర్యుడు స్కార్చింగ్ అని నలుగురు.
ఇస్త్రీపెట్టె, అని ఒకడు.
మాడిన చొక్కా వాసన ఎరిగినవాడు,
వాడికో మార్కు.

మిలెనా అందరికంటే ఆలస్యంగా ఇచ్చింది:
"సీటుబెల్టు బకిల్ స్కార్చింగ్ అందుకని అమ్మ
ముందు తన గుప్పిట్లో పట్టుకుంటుంది
చల్లారాక నాకు పెడుతుంది"

కామాల్లేవు. స్పెల్లింగు తప్పు.
డోరీన్ ఎర్ర పెన్ను మూత తీసింది,
కాసేపు చూసి
మళ్లీ పెట్టేసింది.

మూడున్నరకి మెట్లెక్కి బయటికొస్తే
కళ్లు తెరవనివ్వని తెలుపు.
కారు తలుపు దగ్గర ఒకామె
అరచేయి ఊదుకుంటోంది.