మైనస్ ఎనభై

పులియాంతోపు ఆరో సందులో
నా పేరు ఎవరికీ తెలీదు.
పిల్లలు ఆయి అక్క అంటారు.
భుజాన నీలం ఐసుపెట్టె కనబడితే చాలు
"మా తమ్ముడు ఇందాకే ఆయి పోయాడక్కా, రా!"
పెళ్ళివారొచ్చినంత సంబరంగా
చెయ్యి పట్టి లాక్కుపోతారు.

పదిహేడో నంబరు, పెంచలమ్మ కొడుకు.
ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు.
పేరింకా పెట్టలేదు, అందాకా
నా బార్‌కోడే వాడి పేరు.
చెమ్చాడంత, ఆవపిండి రంగు,
పులిసీ పులవని పెరుగు వాసన.
గొట్టంలో వేసి మూత బిగించి
తేదీ, గంట,
తల్లిపాలా డబ్బాపాలా,
మందులేమైనా పడ్డాయా, రాసుకుంటాను.

నాయనమ్మ వెంగమ్మ గడపలో కూర్చుని చూస్తుంది.
ముప్పై రెండేళ్ళు కార్పొరేషన్ చీపురు పట్టిన చేతులు.
ఒకరోజు ఉండబట్టలేక అడిగింది:
"మా అత్త దీన్నే తట్టలో మోసింది, నెత్తిన.
కారకుండా అడుగున బూడిద పోసుకుని.
ఎదురైనోళ్ళంతా ముక్కు మూసుకున్నారు.
నువ్వేమో ఐసులో పెట్టి
ఆటో ఎక్కించి తీసుకుపోతున్నావు.
అందులో ఏముందే తల్లీ?"

పురుగులంటే జడుసుకుంటుందని
నారుమడి అన్నాను.
కాన్పులో కొంత నీ కోడలిచ్చింది,
ముర్రుపాలలో కొంత, నీ ముద్దుల్లో కొంత.
ఈ మొదటి రెండు మూడేళ్ళలో
ఏది వేరు పట్టిందో చూసుకుంటే
నలభయ్యో ఏట చక్కెర జబ్బొస్తుందో,
ఉబ్బసం పట్టుకుంటుందో,
ఏమోనని.
"ఏమోనా?" అంది.
అవునమ్మా, ఏమోనే.
ఇరవై ఏళ్ళకి గాని తేలదు.
"అప్పటికి నేనుండను" అంది.
అప్పటికి నా ఉద్యోగమూ ఉండదు.

మూడో నెలలో జ్వరం.
సందు చివరి డాక్టరు గులాబీరంగు సీసా రాశాడు.
ఐదు రోజులు పోశారు.
తరువాతి గొట్టం తరమణిలో మా తెర మీద
కరెంటు పోయిన వీధిలా కనబడింది.
ఎక్కడో ఒక్క ఇంట్లో దీపం.
సీసాని తిట్టలేను, బిడ్డను నిలబెట్టింది.
రాగిజావ మొదలయ్యాక,
మట్టిలో పాకాక,
కుక్కపిల్ల చెవి నోట కరిచాక
ఒక్కొక్కటే తిరిగొచ్చాయి.
కొన్ని రాలేదు.
రానివాటి అవసరం ఉందో లేదో
చెప్పాల్సినవాడికి ఇంకా పళ్ళే రాలేదు.

మా పాపది ఆపరేషన్ కాన్పు.
అర్ధరాత్రి దాని ఛాతీ ఈల వేస్తే
ఇన్‌హేలర్ పట్టుకుని గోడకానుకుంటాను.
ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదని
కొత్తగా చేరినవాళ్ళకు పగలు చెప్పేది నేనే.
రాత్రి ఆ ఒక్క బిడ్డతోనే లెక్క కడతాను.
తప్పని తెలిసీ, కొట్టేసీ, మళ్ళీ.

వెంగమ్మ చూస్తానంటే ల్యాబుకి తీసుకెళ్ళాను.
గేటు దగ్గర రెండుసార్లు పేరడిగారు.
ఫ్రిజ్ తలుపు తీస్తే తెల్లటి పొగ,
మైనస్ ఎనభైలో వరసలు వరసలు.
మనవణ్ణి చూపించాను, నాలుగో అర.
ఆమె అటు చూడలేదు.
బల్ల మీది చేతి తొడుగుల పెట్టెలోంచి ఒకటి లాగి,
వేళ్ళ మధ్య సాగదీసి,
"ఇవి మీకు రోజుకెన్నిస్తారు?" అంది.
ఎన్ని కావాలంటే అన్ని.
"మావాడికి ఏడాదికొక జత.
డ్రైనేజీలో దిగేవాడికి."
ఫ్రిజ్ మోత ఒక్కటే వినిపించింది కాసేపు.

తరువాతి వారం ఒక పెట్టె తీసుకెళ్ళాను.
దొంగతనమే. రిజిస్టర్లో రాయలేదు.
కొడుక్కి నాలుగు జతలు తీసి దాచి,
ఐదోది నోటితో ఊది, ముడేసి,
"ఆవు పొదుగురా" అని మనవడికిచ్చింది.
వాడు బొటనవేలు వెతికి నోట్లో పెట్టుకున్నాడు.
వద్దనబోయాను.
కాగితం తీసి
తేదీ, గంట రాసుకున్నాను.