తాళంచెవి

మా చిన్నోడు టీసీ తీసుకున్న రోజు
బడి తాళంచెవి ఇచ్చేద్దామని పోయినాం.
పంతొమ్మిదేండ్లు మా గూట్లోనే ఉండె,
ఉప్పుజాడీ పక్కన.
తుప్పు పట్టలే. రోజూ తిరిగే చెవి కదా.

వరండాకు బేతంచెర్ల బండలు పరిచింది మా మామ.
ఒక బండ కింద డొల్ల.
పిల్లోళ్లు దానిమీదనే ఎగురుతారు, చప్పుడు కోసరం.

పెద్దసారు కమిటీ పుస్తకం తెరిచినాడు.
ముందు పేజీల్లో మా ఆయన వేలిముద్ర,
ఆరో పేజీ నుంచి 'హుసేనప్ప',
ప వత్తు కిందికి జారబోతా.
మా కాశింబీ రెండో తరగతిలో ఉన్నప్పుడు
నాయనకు దిద్దించిన అక్షరాలు.

కొత్త మెంబరు ఉరుకుందమ్మ
బొటనవేలు చాపింది.
ఇంకు ప్యాడు తీసి
మా ఆయన జేబులో వేసుకున్నాడు.
"మీ పాప యాడమ్మా? పిలువు."

తాళంచెవి మాట
ఎవరమూ ఎత్తలేదు.